గవరయ్య చెప్పిన తలుపు సినిమా

బోట్ల మీద ఖలాసీగా ఉన్న రోజుల్లో గవరయ్యకు రెండు పనులుండేవి. ఒకటి ప్రభుత్వం ఇచ్చింది: బోటు జెట్టీకి కట్టేటప్పుడూ విప్పేటప్పుడూ తాడు చూసుకోవడం. రెండోది ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ దాకా సాగే పొడుగాటి ప్రయాణంలో, డెక్కు మీద చాపలు పరుచుకుని కూర్చున్న జనానికి సినిమా చెప్పడం.

చూపించడం కాదు, చెప్పడమే. అప్పట్లో అవతలి ఒడ్డున ఆడిన బొమ్మ దీవులకు చేరేసరికి పాతబడిపోయేది. కొన్నయితే చేరేవే కావు. సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళిన గవరయ్య అక్కడ కనబడిన సినిమాలన్నీ చూసేసి, తిరుగు ఓడలో వాటిని నాలిక మీద పెట్టుకుని తెచ్చేవాడు. ఫైటింగులకు డెక్కు మీద కాలితో దరువు వేసేవాడు. బోటు సైరన్ మోగే సమయం తెలుసు కనుక హీరోని సరిగ్గా అప్పుడే దింపేవాడు. మాయాబందర్ వచ్చిందంటే ఇంటర్వెల్. అక్కడ దిగిపోవాల్సినవాళ్ళు మిగతా సగం వినకుండా దిగలేక, బోటు దిగే గాంగ్‌వే మీద నిలబడి "దాదా, ఆఖర్న ఏటౌతాదో ఒక్క ముక్క చెప్పీ" అని బతిమాలుకునేవాళ్ళు.

అతని కథకు ఒకటే షరతు. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ వినపడకపోతే గవరయ్య నోరు మూసుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చునేవాడు. "మీరు ఊఁ అనకపోతే నా కత సముద్రంలో పడిపోతాది. మళ్ళీ ఎవడు దూకి తెస్తాడు?" అనేవాడు. అతని తెలుగులో హిందీ పడుగూ పేకలా కలిసిపోయేది. తెలుగు రాని బెంగాలీ రైతులకు కూడా ఆ తెలుగు అర్థమయ్యేది. వాళ్ళూ ఊఁ కొట్టేవాళ్ళు.

రిటైరయ్యాక ఫీనిక్స్ బే వైపునే ఉన్న బ్రూక్షాబాద్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. కొడుకు దేవేంద్ర డిగ్లీపూర్ పవర్‌హౌస్‌లో పనిచేస్తాడు. వీలు దొరికినప్పుడల్లా బోటెక్కి ఇంటికి వచ్చి, మళ్ళీ బోటెక్కి వెళ్ళిపోతాడు. కోడలు జాహ్నవి బోటనీలో ఎమ్మెస్సీ చేసి స్కూల్లో బయాలజీ చెబుతుంది. మనవడు పృథ్వీ. వాడికి మూడో ఏడు నిండబోతోంది. వాడికి ఇంకా మాటలు రాలేదు.

పృథ్వీకి మాటలు రాకపోవడం జాహ్నవికి పగలూ రాత్రీ ఒకే ఆలోచన. పరీక్ష చేయిస్తే చెవులు బాగానే వినిపిస్తున్నాయన్నారు. నవ్వుతాడు, పరిగెడతాడు, కావలసినదాని దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. నోట్లోంచి మాత్రం "దదా" తప్ప రాదు. తాతా దదాయే, తల్లీ దదాయే, పాలగ్లాసూ దదాయే. మాట రాకపోవడం కన్నా, ఎదుటివాళ్ళ మాట అర్థం కాకపోవడం పెద్ద విషయమని ఆమె చదివింది. వీడికి అర్థమవుతోందా? చెయ్యి పట్టుకుని లాగేవాణ్ణి ఆ ప్రశ్న ఎలా అడగాలో ఆమెకు తెలియలేదు.

ప్లే స్కూలుకు తీసుకెళ్ళినప్పుడు అక్కడి మేడమ్ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగింది. జాహ్నవి నిజం చెప్పింది. మేము తెలుగు, బయట హిందీ, కుడిపక్క ఇంట్లో తమిళం, ఎడమపక్క ఇంట్లో బెంగాలీ.

"పూరా ఖిచిడీ హై, మేడమ్" అంది ఆవిడ జాలిగా. "ముందు ఒక్క భాష గట్టిపడనివ్వండి. జూన్‌లో మళ్ళీ తీసుకురండి, చూద్దాం."

ఎన్ని భాషలు విన్నా పిల్లల మాట ఆలస్యం కాదని చెప్పే పరిశోధనలు జాహ్నవికి తెలుసు. ఊరందరి పిల్లల గురించైతే ఆమె వాటిని నమ్మేది. తన పిల్లాడి దగ్గరకు వచ్చేసరికి నమ్మకం చాల్లేదు. ఆ సాయంత్రమే ఇంట్లో చట్టం పెట్టింది. పృథ్వీ చెవిన, బడిలో పనికొచ్చే హిందీ తప్ప ఇంకేదీ పడకూడదు. కలగాపులగం అసలే కూడదు.

"మావయ్యా, మీరు కూడా" అంది.

గవరయ్య కాసేపు తువ్వాలు దులిపాడు. "అలాగేనమ్మా. ఆడికి మంచి జరగాలి గానీ, నా తెలుగు ఎక్కడికి పోద్ది" అన్నాడు.

అతనికి హిందీ రాదని కాదు. మాట్లాడటానికి ధారాళంగా వచ్చు, తిట్టడానికి ఇంకా బాగా వచ్చు. కానీ అది జెట్టీ మీద నేర్చిన హిందీ. తాడు వదులు, వెనక్కి జరుగు, లైన్లోకి రా. అందులో కథ రాదు. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఏక్ రాజా థా" అని మొదలుపెట్టి, ఆ రాజుని ఎటు నడిపించాలో తెలియక ఆగిపోయేవాడు. పృథ్వీ కాసేపు ముసలాయన నోటి వైపు చూసి దిగిపోయేవాడు. ఇల్లు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం మంచిదేనని జాహ్నవి తనకు తాను చెప్పుకుంది.

అలా ఉండగా ఊళ్ళో ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టారు. దేశదేశాల సినిమాలు, మూడు రోజులు, ప్రవేశం ఉచితం. కుర్చీల కాంట్రాక్టు గవరయ్య స్నేహితుడు దానయ్యది. టెంట్‌హౌస్ యజమాని కనుక అతనికి ఎక్కడ ఏ వేడుక జరిగినా ఆఖరి వరుస సొంతం.

"ఒరే గవరా, వొచ్చీ. ఊరికే సినిమా, ఊరికే కుర్చీ. కుర్చీ నాదే" అని ఫోన్ చేశాడు.

శుక్రవారం స్కూలు అయ్యాక జాహ్నవి కూడా వెళ్ళింది. మావయ్య ముఖం ఈమధ్య బాగా చిన్నబోయిందని ఆమెకు కనబడుతూనే ఉంది. పైగా వేరే పిల్లలు వస్తారు, పృథ్వీ నలుగురిలో తిరుగుతాడు. ఆ సమాధానం చెప్పుకుని బయలుదేరింది గానీ, దారంతా హాల్లో చీకటికి వీడు ఏడుస్తాడేమోనని ఒక దిగులు, ఏడవకపోతే ఎందుకు ఏడవలేదోనని ఇంకొక దిగులు.

హాలు చదునుగా ఉంది. తెర కింది అంచున ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి, కానీ ఆఖరి వరుసకు అవి ముందువాళ్ళ తలల వెనక మునిగిపోతున్నాయి.

మొదటిది ఏదో మంచు దేశం సినిమా. గడ్డకట్టిన సరస్సు ఒడ్డున ఇద్దరు ముసలి అన్నదమ్ములు, వాళ్ళ మధ్య మాటల్లేవు. ఇద్దరికీ కలిపి ఒకటే పడవ, అదేమో మంచులో ఇరుక్కుపోయింది. మంచు కరిగేదాకా రోజూ చెరోవైపు నుంచి వచ్చి పడవను చూసుకుని పోతారు. అంతే సినిమా. జాహ్నవికి ఆ తెలుపు చాలా నచ్చింది. అంత వెలుతురులో అంత చలి ఉంటుందా అనిపించింది. గవరయ్య మాత్రం ఆ పడవనే చూశాడు.

"పడవకి లంగరు అక్కర్లేని ఊరు" అన్నాడు చివర్లో, మెల్లిగా. పక్కన పృథ్వీ ఉన్నాడని గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

"ఏటి, నీ నోరు ఎవరైనా కుట్టీసినారేటి?" అన్నాడు దానయ్య. "సినిమా అయిపోనాది, నువ్వు ఒక్క ముక్క చెప్పనేదు. అక్షరాలు కనపడవు, నువ్వు చెప్పవు. మరి మాకెలగ?"

"కోడలి ఆర్డరు" అన్నాడు గవరయ్య.

జాహ్నవి వినిపించనట్టే బ్యాగు సర్దుకుంది.

శనివారం ఆఫ్రికా నుంచి వచ్చిన సినిమా. భర్త పోయాక అతని బస్సును తనే నడపడం మొదలుపెట్టిన ఆడమనిషి కథ. ఎర్రమట్టి రోడ్డు, బస్సు పైన మేకలు, కోళ్ళ బుట్టలు. ఆ బస్సుకు కండక్టర్ ఆమె అత్తగారే. అత్తాకోడళ్ళు టిక్కెట్ల దగ్గర, హారన్ దగ్గర, ఎక్కడ పడితే అక్కడ పోట్లాడుకుంటారు. హాలంతా నవ్వుతోంది. గవరయ్య ఇక ఆగలేకపోయాడు. చట్టం తప్పకుండానే మనవడికి చెప్పాలని చూశాడు.

"దేఖో బేటా, ఔరత్ బస్ చలాతా హై."

ముందు వరుసలోని చిన్నపిల్ల, తమ వరుసలోనే కూర్చున్న తెలిసినావిడ గురమ్మ మనవరాలు, వెనక్కి తిరిగి, "చలాతీ హై, దాదాజీ" అంది.

"చలాతీ హై. ఉస్‌కా సాస్..."

"ఉస్‌కీ సాస్."

ఆడామగా తేడా దగ్గరే రెండుసార్లు తప్పి, గవరయ్య మానేశాడు. పృథ్వీ కుర్చీ చేతిని గోకుతూ కూర్చున్నాడు. తెర మీద అంత పెద్ద బస్సు పోతుంటే వాడు ప్లాస్టిక్ కుర్చీని గోకుతున్నాడు. జాహ్నవి ఇక వాణ్ణే చూస్తూ ఉండిపోయింది. ఆ సినిమా మిగతా సగం ఎలా గడిచిందో ఆమెకు తెలియదు. ఇంటికి వచ్చాక అన్నం కలుపుతూ, ఆ ఎర్రమట్టి రోడ్డు ఎక్కడికి చేరిందో కూడా చూడలేదని గుర్తొచ్చింది.

ఆదివారం వెళ్ళొద్దనుకుంది. గవరయ్యే, "నాను ఇంటికాడ ఉంటాను, నువ్వు ఎల్లిరామ్మా, నీకు సరదా కదా" అన్నాడు. ఆ మాటతో ఆమె ఇద్దర్నీ బయలుదేరదీసింది.

ఆరోజు జార్జియా సినిమా. అది ఎక్కడుందో ఆఖరి వరుసలో ఎవరికీ తెలియదు. కొండ మీద ఒంటరి ఇల్లు. ఆ ఇంటికి తలుపు లేదు. గుమ్మానికి కంబళి వేలాడుతోంది. ఇంట్లో ఒక ఆడమనిషి, ఎనిమిదేళ్ళ పిల్ల. గోడ మీద ఒకాయన ఫోటో. పిల్ల ఆవిణ్ణి "దేదా" అని పిలుస్తోంది. ఫోటో వైపు చూపించి "మామా" అంటోంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది.

గవరయ్య ముందుకు వంగాడు.

"విన్నావా? దీదీ అంటంది" అన్నాడు దానయ్యతో. మర్చిపోయి తెలుగులోనే అన్నాడు. "దీదీ అంటే అక్క. ఫోటోలో ఆయన్ని మామా అంటంది. అంటే మేనమావ."

"మరి ఆవిడెందుకు ఏడస్తంది?"

"ఆయన ఆవిడ మొగుడు కాబట్టి."

"అక్క మొగుడు మావ ఎలగౌతాడ్రా?"

గవరయ్య విజయగర్వంతో వెనక్కి వాలాడు. "అక్క మేనమావని చేసుకుందిరా! మనోళ్ళలాగే! నా పెద్దప్ప సింహాచలంమావని చేసుకోలేదా? అలాగే."

ఆఖరి వరుస మొత్తం తేలికపడింది. అంత దూరదేశంలో కూడా మేనరికాలున్నాయన్న సంగతి అందరికీ ఎంతో నచ్చింది. గురమ్మ "ఓలమ్మా, వాళ్ళూ మనోళ్ళేనేటి" అని బుగ్గ నొక్కుకుంది. ఇక గవరయ్యకు పట్టపగ్గాలు లేవు. పట్నంలో పనికి పోయిన ఆ ఫోటోలోని మనిషి ఇంటికి తలుపు తెస్తానని మాట ఇచ్చాడు. నీలంరంగు తలుపు కొన్నాడు. కొండ మీదికి బస్సు పోదు. తలుపును వీపుకు కట్టుకుని నడుస్తున్నాడు. దారిలో జనం ఆ తలుపును బల్లగా చేసుకుని రొట్టెలు తింటున్నారు. వాన పడితే దాని కిందికి చేరుతున్నారు. గవరయ్య తెలుగులో చెప్పాడు, హిందీలో చెప్పాడు, రెండూ కలిపి చెప్పాడు. తలుపు కింద పడ్డప్పుడల్లా కాలితో నేలను తన్నాడు.

జాహ్నవి అతన్ని ఆపాలనుకుంది. ఆపబోయి పృథ్వీ వైపు చూసింది. చూశాక తెర వైపు మళ్ళీ తిరగలేదు.

వాడు తాత ఒళ్ళోకి ఎప్పుడెక్కాడో తెలియదు. కుర్చీని గోకడం లేదు. గవరయ్య ఒక ముక్క చెప్పి ఆగినప్పుడల్లా, వాడి పెదవులు మూసుకునే ఉండి, లోపలి నుంచి సన్నగా వస్తోంది.

"ఊఁ."

ఆమెకు ఆ శబ్దం తెలుసు. చట్టం పెట్టక ముందు ఇంట్లో ఎన్నోసార్లు విన్నది. దాన్ని ఆమె ఎప్పుడూ మాటగా లెక్కపెట్టలేదు. ప్లే స్కూలు మేడమ్ అడిగినప్పుడు చెప్పనే లేదు. ఇప్పుడు గమనించి విన్నది. వాక్యం మధ్యలో రావడం లేదు. తాత ఊపిరి తీసుకునే చోట వస్తోంది. అలవాటై ఉండొచ్చు, అనుకుంది ఆమెలోని టీచరు. ఆగితే ఊఁ అనడం చిలక్కి కూడా నేర్పొచ్చు.

తెర మీద సాయంత్రమైంది. పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. దూరంగా కొండదారిలో నీలం తలుపు ఒకటి కదిలి వస్తోంది. మనిషి కనబడటం లేదు. తలుపు, దాని కింద రెండు కాళ్ళు. పిల్ల లేచి, "మామా!" అని అరుస్తూ పరిగెత్తింది.

"అదిగో, మేనమావ వొచ్చీసినాడు!" అన్నాడు గవరయ్య.

"ఊఁహూఁ" అన్నాడు పృథ్వీ.

గవరయ్య ఆగాడు. "మావరా. మేనమావ."

"ఊఁహూఁ." ఈసారి తల కూడా అడ్డంగా ఊపాడు. చేత్తో తాత నోరు మూశాడు.

జాహ్నవి లేచి నిలబడింది. వెనక ఎవరో "బైఠో, బైఠో" అన్నారు. ముందువాళ్ళ తలల మీదుగా ఆమెకు తెర అడుగున తెల్ల అక్షరాలు కనబడ్డాయి. నాన్నా, అని ఇంగ్లీషులో రాసి ఉంది. పిల్ల తలుపును, తలుపుతో పాటు మనిషిని వాటేసుకుంది. లోపలి నుంచి ఆడమనిషి పరిగెత్తుకొచ్చింది. పిల్ల వెనక్కి తిరిగి ఆమెను పిలిచింది. "దేదా!" కింద అమ్మా, అని పడింది.

ఆ దేశంలో మామా అంటే నాన్న. దేదా అంటే అమ్మ.

ఆమె నిలబడే నవ్వింది. దదా అని తనని పిలిచిన రోజులన్నీ గుర్తొచ్చి, నవ్వు మధ్యలో కళ్ళు మసకబారాయి. ఒక దేశం పిల్లలంతా అమ్మను దాదాపు అలా పిలిచినంత మాత్రాన దదాకు ఏ అర్థమూ రాదు, అది ఆమెకు తెలుసు. ఆమెను నిలబెట్టింది అది కాదు. ఆఖరి వరుసలో పెద్దవాళ్ళంతా మేనమామని ఒప్పుకున్నారు. అక్షరాలు రాని, ఏ చుట్టరికమూ తెలియని వీడు ఒక్కడే ఒప్పుకోలేదు. పిల్ల ఎలా పరిగెత్తిందో చూశాడు. తాత చెప్పింది విన్నాడు. రెండూ కలవలేదన్నాడు. చిలక అలా అనదు.

వీడికి అర్థమవుతోంది.

"మావయ్యా, ఆయన నాన్న" అంది కూర్చుంటూ. "ఆవిడ అమ్మ. కింద రాశారు."

"మామా అని పిలిత్తే నాన్నెలగౌతాడమ్మా?"

"వాళ్ళ భాషలో అంతేనట."

"అయితే మేనరికం కాదా?" అంది గురమ్మ, ఆశ చాలా వరకు వదులుకుంటూ.

"కాదు పిన్నీ."

గవరయ్య మనవడి చెయ్యి నోటి మీంచి తీసి పట్టుకున్నాడు. "మరి ఈడికెవరు చెప్పినారు?" అన్నాడు. తర్వాత ఒక్కసారిగా గుర్తొచ్చి, గాబరాగా కోడలి వైపు చూశాడు. "అమ్మా, తెలుగులో చెప్పీసినానమ్మా. నోరు జారిపోనాది."

"జారనివ్వండి మావయ్యా. ఇక మీదట ఎలా వస్తే అలా చెప్పండి" అంది.

ఆ మాటతో ఏదో మహాద్భుతం జరగలేదు. ఇంటికి వెళ్ళాక ఆమె పృథ్వీని ఎదురుగా కూర్చోబెట్టి "అమ్మ అను, అమ్మ" అంది. వాడు ఆమె ముక్కు పట్టుకున్నాడు. "నాన్న అను" అంది. పాలగ్లాసు చూపించి "దదా" అన్నాడు. ఆమె మళ్ళీ దిగులుపడింది. అయితే ఈ దిగులుకి కింద నేల ఉంది. సోమవారం స్పీచ్ థెరపీకి పేరు రాయించింది. అక్కడ కూడా ఇంటి భాషలు మానొద్దనే చెప్పారు. వంటింట్లో పోపు వేస్తుంటే ముందుగదిలోంచి తలుపు సినిమా మళ్ళీ మొదటి నుంచీ వినిపించేది. గవరయ్య దాన్ని రోజుకోసారి చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా తలుపు రంగు మారుతోంది, కొండ ఎత్తు పెరుగుతోంది. మామ మాత్రం మేనమామే. అది పొరపాటు కాదు. మనవడి చేత ఊఁహూఁ అనిపించుకోవడం కోసం కావాలనే చెబుతున్నాడు.

తర్వాతి వారం దేవేంద్ర వచ్చే రోజు ముగ్గురూ ఫీనిక్స్ బే వెళ్ళారు. బోటు రావడం ఆలస్యమైంది. ఎండ మండుతోంది. టిక్కెట్ల వరుస గేటు దాటి వచ్చింది. గవరయ్యను ఎరిగిన కూలీలు ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరారు.

"దాదా, కోయీ నయీ పిక్చర్?"

ఇంకేం కావాలి. మనవణ్ణి మెడ మీద కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. వరుసలో ఉన్నవాళ్ళు కూడా చెవి ఇటు పడేశారు. ఇల్లు, కంబళి, ఫోటో. ఊఁ. తలుపు కొన్నాడు, వీపుకు కట్టుకున్నాడు. ఊఁ. వాన వచ్చింది. ఊఁ. మెడ మీంచి వచ్చే ఆ ఊఁ విని కూలీలు కూడా దానితో కలిపారు. ఈలోగా బోటు వచ్చి జెట్టీని ఒరుసుకుంది, తాళ్ళు పడ్డాయి, జనం దిగుతున్నారు. గవరయ్య ఒక కన్ను తాళ్ళ మీద వేసి ఉంచాడు గానీ కథ ఆపలేదు.

"పిల్ల గుమ్మంలో కూకుంది. దూరంగా తలుపు నడిచొస్తంది. మనిషి కనపడ్డు. తలుపు కింద రెండు కాళ్ళు. ఎవరొస్తన్నారు? మేనమావ!"

"ఊఁహూఁ" అన్నాడు పృథ్వీ. తర్వాత, ఎవరూ అడగకుండానే, విసుగ్గా, "నాన్న" అన్నాడు.

జాహ్నవి తల ఎత్తింది. గాంగ్‌వే మీద జనంలో ఒక బియ్యం మూట కదిలి వస్తోంది. మూట అడ్డంగా ఉండి మోసే మనిషి ముఖం కనబడటం లేదు. దాని కింద దేవేంద్ర చెప్పులు, దేవేంద్ర నడక. పృథ్వీ చెయ్యి చాపి అటు చూపిస్తున్నాడు. వాడు కథకు జవాబు చెప్పాడో, మూటను చూసి అన్నాడో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవడానికి ఏ పరీక్ష పెట్టాలా అని ఒక్క క్షణం ఆలోచించి, మానేసింది.

గవరయ్య కథ అక్కడే తెగిపోయింది. మెడ మీది కాళ్ళను గట్టిగా పట్టుకున్నాడు.

"ఫిర్ క్యా హువా, దాదా?" అన్నాడు కూలీ.

గవరయ్య గాంగ్‌వే వైపే చూస్తున్నాడు. పైనున్నవాడు మడమతో తాత గుండె మీద ఒక్క తన్ను తన్నాడు.

"ఊఁ!" అన్నాడు, గట్టిగా.